ఆర్‌సీఎం వాళ్ళు క్రైస్తవులు కారా? కృష్ణకు రెండు ఒడ్డుల నుంచి ఒక పరిశీలన

విజయవాడలోనూ గుంటూరులోనూ పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునే చోటో, కొత్తగా అద్దెకు దిగినవారితో పరిచయం చేసుకునే చోటో ఒక ప్రశ్న వినబడుతూ ఉంటుంది: "మీరు క్రిస్టియన్లా, ఆర్‌సీఎమ్మా?" అడిగేవారికి దురుద్దేశం ఏమీ ఉండదు. ఆర్‌సీఎం అంటే రోమన్ కాథలిక్ మిషన్. ఆ మూడక్షరాలు ఈ ప్రాంతంలో ఎంతగా అలవాటైపోయాయంటే, వాటిని విడదీసి చెప్పమంటే కాథలిక్కులే ఒక్క క్షణం ఆలోచించుకోవలసి వస్తుంది. అయితే "పండ్లు కావాలా, మామిడిపండ్లు కావాలా" అన్నట్టున్న ఈ ప్రశ్నలో ఒక తీర్పు ముందే ఇమిడి ఉంది. అందులో క్రిస్టియన్లు, అంటే ప్రొటెస్టంట్లు, ఒక వైపు ఉన్నారు, కాథలిక్కులు మరొక వైపు ఉన్నారు.

ప్రశ్నకు సూటి సమాధానం చెప్పడం కష్టం కాదు. కాథలిక్కులూ ప్రొటెస్టంట్లూ ఇద్దరూ క్రైస్తవులే. చరిత్ర ఆ మాటే చెబుతుంది, భారతదేశ చట్టం ఆ మాటే చెబుతుంది, రెండు పక్షాల అధికారిక సిద్ధాంతమూ ఆ మాటే చెబుతుంది. ఇంత స్పష్టమైన విషయం మీద మన ఊళ్ళలో సందేహం ఎందుకు పుట్టింది, ఎందుకు నిలిచి ఉంది అన్నదే పరిశీలించవలసిన సంగతి.

ముందుగా పేర్ల సంగతి. "క్రైస్తవులు" అన్న పేరు మొదటిసారి అంతియొకయలో శిష్యులకు వచ్చిందని అపొస్తలుల కార్యముల గ్రంథం 11వ అధ్యాయం చెబుతుంది. అదే అంతియొకయకు బిషప్పుగా ఉన్న ఇగ్నేషియస్ రెండవ శతాబ్దం తొలి ఏళ్ళలో రాసిన ఒక లేఖలో "కాథలిక్ సంఘం" అన్న మాట మనకు దొరికినంతలో మొదటిసారి కనిపిస్తుంది. ఆ గ్రీకు మాటకు సార్వత్రికం, అంతటా ఉన్నది అని అర్థం. "ప్రొటెస్టంట్" అన్న పేరు చాలా తర్వాతిది. రోము సంఘాన్ని ప్రశ్నించిన జర్మన్ సన్యాసి మార్టిన్ లూథరు 1517లో తన 95 వాదాంశాలను వెలువరించిన పన్నెండేళ్ళకు, 1529లో, జర్మనీలోని స్పేయర్ సభ తీసుకున్న నిర్ణయం మీద కొందరు రాజులూ కొన్ని నగరాలూ నిరసన పత్రం సమర్పించినప్పుడు అది వాడుకలోకి వచ్చింది. అప్పటిదాకా పశ్చిమ ఐరోపాలో క్రైస్తవుడంటే రోముకు లోబడినవాడే. కాబట్టి కాథలిక్కులు క్రైస్తవులు కారంటే, లూథరుకు ముందు అక్కడ వెయ్యేళ్ళపాటు క్రైస్తవులే లేరని ఒప్పుకోవలసి వస్తుంది. లూథరు అంత మాట ఎన్నడూ అనలేదు.

గుంటూరు లూథరన్ ఆరాధనలోనైనా, విజయవాడ సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఆరాధనలోనైనా, విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు "పరిశుద్ధ సార్వత్రిక సంఘమును" నమ్ముతున్నామని సభ మొత్తం లేచి నిలబడి పలుకుతుంది. ఆ "సార్వత్రిక" అన్నది కాథలిక్ అన్న మాటకు తెలుగే. కాథలిక్ గుడిలో అదే వాక్యం "కతోలిక" అన్న రూపంలో వినిపిస్తుంది. ఒకరు అనువదించుకున్నారు, మరొకరు గ్రీకు ధ్వనినే ఉంచుకున్నారు, అంతే తేడా.

తెలుగునాట ఈ ఎడం ఇంత పెద్దదిగా కనబడడానికి మొదటి కారణం సిద్ధాంతం కాదు, భాష. రెండు వర్గాలూ రెండు వేర్వేరు తెలుగులు మాట్లాడతాయి. కాథలిక్కుల జ్ఞానస్నానం ప్రొటెస్టంట్లకు బాప్తిస్మం. ఒకరి సువిశేషం మరొకరికి సువార్త. ఒకరు దివ్యబలిపూజకు వెళితే మరొకరు ఆరాధనకు వెళతారు. ఒకరు దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తే మరొకరు ప్రభువు బల్లలో పాలుపొందుతారు. కాథలిక్కులకు గురువులు, పీఠాధిపతులు, విచారణలు (పారిష్‌లు), మేత్రాసనాలు (డయోసిస్‌లు) ఉంటాయి. ప్రొటెస్టంట్లకు పాస్టరుగారు, సంఘం, సంఘపెద్దలు ఉంటారు. కాథలిక్కులు నుదుటి నుంచి గుండెకు, భుజం నుంచి భుజానికి సిలువ గుర్తు వేసుకుంటూ "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున" అంటారు. ప్రొటెస్టంట్లు కళ్ళు మూసుకుని "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున" అంటారు. ఈ రెండింటినీ పక్కపక్కన విన్న పరాయివాడు ఇవి రెండు మతాలు అనుకుంటే అతని తప్పేమీ లేదు.

అన్నిటికన్నా చిత్రమైన తేడా ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఉంది. కాథలిక్కుల పరలోక జపంలో "మీ నామము పూజింపబడునుగాక" అని ఉంటుంది. ప్రొటెస్టంట్ల పరలోక ప్రార్థనలో "నీ నామము పరిశుద్ధపరచబడును గాక" అని ఉంటుంది. ఒకరు దేవుణ్ణి మీరు అంటారు, మరొకరు నీవు అంటారు. ఇంట్లో తండ్రిని "మీరు" అని పిలిచే కుటుంబాలూ, "నువ్వు" అని పిలిచే కుటుంబాలూ మన దగ్గర పక్కపక్కనే ఉన్నాయి. ఎవరు తండ్రిని ఎక్కువగా ప్రేమిస్తున్నారన్నది ఆ సర్వనామాన్ని బట్టి ఎవరూ తేల్చరు. అనువాదకులు వేరు, వారు పనిచేసిన కాలమూ చోటూ వేరు కాబట్టి మాటలు వేరయ్యాయి.

రెండో కారణం భూగోళం. ఫ్రెంచి జెసూట్లు 18వ శతాబ్దం మొదట్లోనే తెలుగు సీమలోకి వచ్చారు. ఫిరంగిపురం వంటి ఊళ్ళలో ప్రొటెస్టంట్ మిషనరీలు అడుగుపెట్టకముందే కాథలిక్ కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. ఆ తర్వాత 1841లో ఆంగ్లికన్ సంస్థ అయిన చర్చి మిషనరీ సొసైటీ మచిలీపట్నం చేరింది. 1842 జూలై 31న లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరాడు. దక్షిణాన నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. ఒకరి చేలో ఒకరు విత్తకూడదన్న ఒప్పందం ప్రొటెస్టంట్ మిషన్ల మధ్య ఉండేది. అందువల్ల స్థూలంగా కృష్ణకు ఉత్తరాన ఉన్నవారు ఆంగ్లికన్లయ్యారు, 1947 సెప్టెంబరు 27 తర్వాత దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సీఎస్‌ఐలో, భాగమయ్యారు. నదికి దక్షిణాన ఉన్నవారు లూథరన్లయ్యారు, 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంలో చేరారు. ఈ ఒప్పందంలో కాథలిక్కులు లేరు కనుక వారు రెండు ఒడ్డుల మీదా ఉన్నారు. అంటే ప్రకాశం బ్యారేజీకి ఏ వైపు తాతగారి ఊరు ఉందన్నదాన్ని బట్టి మనుమడి సిద్ధాంతం నిర్ణయమైపోయింది. తాము చదివి, తూచి, ఎంచుకున్న సంఘం ఇది అని చెప్పగలిగిన కుటుంబాలు ఏ వైపునా ఎక్కువ ఉండవు.

ఇక అసలు విషయానికి రావాలి. ఒక సంఘం మరొక సంఘాన్ని క్రైస్తవంగా చూస్తోందా లేదా అన్నది ప్రసంగాలు విని తేల్చడం కష్టం. ప్రసంగాల్లో ఉత్సాహం పాలు ఎక్కువ. దానికన్నా నమ్మదగిన పరీక్ష ఒకటి ఉంది. ఒక మనిషి ఆ సంఘం నుంచి ఈ సంఘానికి వచ్చి చేరినప్పుడు, అతని మీద మళ్ళీ నీళ్ళు పోస్తారా, పొయ్యరా? బాప్తిస్మం ఒక్కసారే ఇవ్వవలసినది అన్న సంగతిలో అందరూ ఏకీభవిస్తారు. కాబట్టి మళ్ళీ ఇస్తే మొదటిది బాప్తిస్మమే కాదని అన్నట్టు. ఇవ్వకపోతే అది క్రైస్తవ బాప్తిస్మమేనని, పొందినవాడు క్రైస్తవుడేనని ఒప్పుకున్నట్టు.

ఈ పరీక్ష కొత్తది కాదు. క్రీ.శ. 255-256 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి బిషప్పు సిప్రియన్, సంఘం నుంచి చీలిపోయినవారు ఇచ్చిన బాప్తిస్మం చెల్లదని, తిరిగి వచ్చినవారికి మళ్ళీ ఇవ్వాలని వాదించాడు. రోము బిషప్పు స్టీఫెన్ ఒప్పుకోలేదు. చేతులుంచి ప్రార్థిస్తే చాలునన్నాడు. నూట యాభై ఏళ్ళ తర్వాత ఇదే వివాదం మరో రూపంలో లేచినప్పుడు అగస్టీన్, బాప్తిస్మం క్రీస్తుది, ఇచ్చే మనిషిది కాదు, కనుక ఇచ్చేవాడి లోపం దానికి అంటదని తేల్చాడు. పశ్చిమ సంఘంలో ఆ మాటే నిలిచింది.

లూథరు తిరుగుబాటు తర్వాత, ఇరుపక్షాలూ ఒకరినొకరు తీవ్రంగా దూషించుకుంటున్న కాలంలో కూడా ఈ సూత్రం చెక్కుచెదరలేదు. కాథలిక్ సంఘం జరిపిన ట్రెంట్ మహాసభ 1547 మార్చిలో, అంటే లూథరు చనిపోయిన ఏడాదికి, ఒక శాసనం చేసింది: సంఘం చేసేదాన్నే చెయ్యాలన్న ఉద్దేశంతో, పిత, పుత్ర, పవిత్రాత్మల నామంలో ఇస్తే, మతభేదులు ఇచ్చిన జ్ఞానస్నానమైనా నిజమైన జ్ఞానస్నానమే, కాదన్నవాడు శాపగ్రస్తుడు. అటు లూథరు తనకు మళ్ళీ బాప్తిస్మం ఇమ్మని ఎవరినీ అడగలేదు. 1483 నవంబరు 11న, పుట్టిన మరునాడు, ఐస్లెబెన్‌లోని కాథలిక్ గుడిలో ఆ పసివాడి తల మీద పోసిన నీళ్ళే అతనికి చివరిదాకా చాలాయి. పైగా 1528లో పునర్బాప్తిస్మాన్ని ఖండిస్తూ రాసినప్పుడు, లేఖనాలూ బాప్తిస్మమూ ప్రభువు బల్ల సంస్కారమూ పోపు కింద ఉన్న సంఘం నుంచే తమకు వచ్చాయని ఒప్పుకున్నాడు. పోపును క్రీస్తు విరోధి అని రాసిన మనిషి ఆ పోపు సంఘం ఇచ్చిన బాప్తిస్మాన్ని మాత్రం కాదనలేదు. కోపంలో ఉన్నవారి నోట వచ్చిన ఒప్పుదల ఎంతో విలువైన సాక్ష్యం.

ఆ సూత్రం ఇవాళ గుంటూరులో ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఒక పెళ్ళి కాగితాల వైపు చూడవచ్చు. అబ్బాయి ఆర్‌సీఎం, అమ్మాయి లూథరన్ అనుకుందాం. ఇలాంటి పెళ్ళిళ్ళు అరుదేమీ కావు. పెళ్ళి కాథలిక్ గుడిలో జరగాలంటే విచారణ గురువు అమ్మాయి సంఘం నుంచి బాప్తిస్మ ధ్రువపత్రం తెమ్మంటాడు. అందులో పేరు, తల్లిదండ్రులు, తేదీ, ఇచ్చిన అయ్యగారి సంతకం ఉంటాయి. ఆ కాగితం చూశాక అమ్మాయికి జ్ఞానస్నానం ఇవ్వాలని ఎవరూ అనరు. 1983 నాటి కాథలిక్ సంఘ చట్టం ప్రకారం ఈ పెళ్ళికి కావలసింది మేత్రాసనం ఇచ్చే అనుమతి మాత్రమే. అదే అమ్మాయి బాప్తిస్మం లేనిదైతే, ఉదాహరణకు హిందువైతే, అనుమతి సరిపోదు. అడ్డంకి నుంచి మినహాయింపు కావాలి, అది లేకపోతే పెళ్ళే చెల్లదు. అనుమతికీ మినహాయింపుకూ మధ్య ఉన్న ఆ ఒక్క మాట తేడాలో కాథలిక్ సంఘం లూథరన్ అమ్మాయిని ఏమనుకుంటోందో పూర్తిగా తెలిసిపోతుంది. ఆ అమ్మాయి తర్వాత కాథలిక్ కావాలనుకున్నా నీళ్ళు పొయ్యరు. విశ్వాసం ప్రకటింపజేసి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) ఇచ్చి చేర్చుకుంటారు. కాథలిక్ అబ్బాయి లూథరన్ సంఘంలో చేరినా అటువైపూ అంతే. మళ్ళీ బాప్తిస్మం ఉండదు.

ఇక్కడొక అభ్యంతరం రావాలి, రావడం న్యాయం కూడా. విజయవాడ, గుంటూరు పరిసరాల్లో కాథలిక్కులకు మళ్ళీ బాప్తిస్మం ఇచ్చే సంఘాలు కొల్లలుగా ఉన్నాయి కదా? ఉన్నాయి. బాప్టిస్టు, పెంతెకొస్తు, బ్రదరన్ తరహా సంఘాల్లో కాథలిక్‌గా పెరిగినవారిని నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. అయితే గమనించవలసింది మరొకటి: ఆ సంఘాలు లూథరన్లకూ, సీఎస్‌ఐ వాళ్ళకూ కూడా అలాగే ఇస్తాయి. పసితనంలో తల మీద పోసిన నీళ్ళు, పోసింది ఫాదరైనా పాస్టరైనా, వారి దృష్టిలో బాప్తిస్మం కాదు. విశ్వసించి, మారుమనస్సు పొంది, తనంతట తాను నీళ్ళలోకి దిగినదే బాప్తిస్మం. అంటే నిజమైన గీత కాథలిక్కులకూ ప్రొటెస్టంట్లకూ మధ్య లేదు. అది పసిబిడ్డలకు బాప్తిస్మం ఇచ్చేవారికీ ఇవ్వనివారికీ మధ్య ఉంది. ఆ గీతకు ఒకే వైపున గుణదల కాథలిక్కూ, గుంటూరు లూథరనూ, విజయవాడ సీఎస్‌ఐ సభ్యుడూ పక్కపక్కన నిలబడతారు. 1525లో జూరిక్ నగరంలో మొదలైన ఆ వివాదం ప్రొటెస్టంట్ల ఇంటి గొడవ.

"క్రైస్తవుడు" అన్న మాటకు ఈ సంఘాల్లో మరొక అర్థం కూడా ఉంది. "రక్షణ పొందారా?" అన్న ప్రశ్నకు అవునని చెప్పగలిగినవాడే వారి లెక్కలో క్రైస్తవుడు. ఆ కొలతతో కొలిస్తే చాలామంది కాథలిక్కులు తప్పిపోతారు. తమ సంఘంలోనే ముందు బెంచీల్లో కూర్చునేవారు కూడా చాలామంది తప్పిపోతారని ఆ బోధకులే అంటూ ఉంటారు. ఇది హృదయం గురించిన మాట. సంఘం పేరుకు అతికించడానికి కుదిరే మాట కాదు. రెండు అర్థాలను కలిపేయడం వల్లనే మొదట చెప్పిన ప్రశ్న పుట్టింది.

కాథలిక్కుల మీద వినవచ్చే ఆరోపణల్లో ప్రధానమైనది మరియమాత గురించి. గుణదల కొండ మీద 1924లో ప్రతిష్ఠించిన లూర్దుమాత స్వరూపం దగ్గర ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవానికి లక్షల జనం వస్తారు; తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు, మెట్లెక్కుతారు. వారిలో హిందువులు కూడా పెద్ద సంఖ్యలో ఉంటారు. అంతకు కొద్ది రోజుల ముందే, జనవరి చివరి వారంలో, గుంటూరు దారిలో నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట బైబిల్ మిషన్ మహాసభలకు అంతటి జనమే చేరుతుంది. లూథరన్ సంఘం నుంచి బయటికి వచ్చిన దేవదాసు అయ్యగారు 1938లో ప్రారంభించిన ఆ మిషన్ పందిళ్ళలో స్వరూపమన్నది కనిపించదు. రెంటినీ చూసినవారికి తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కొబ్బరికాయల్లో స్థానిక ఆచారం పాలు ఎంతో, రోము సిద్ధాంతం పాలు ఎంతో విడదీసి చూసే ఓపిక మాత్రం చాలామందికి ఉండదు.

సిద్ధాంతం మాటకొస్తే, 787లో జరిగిన రెండవ నైసియా మహాసభ ఆరాధన దేవునికే చెల్లుతుందని, పునీతులకూ స్వరూపాలకూ చెల్లేది గౌరవ వందనమేనని తేల్చింది. తెలుగులో చిక్కు ఎక్కడ వచ్చిందంటే "పూజ" అన్న మాట దగ్గర. కాథలిక్కులు తమ ప్రధాన ఆరాధనకే పూజ అని పేరు పెట్టుకున్నారు. మన భాషలో ఆ మాట వినగానే విగ్రహమే కళ్ళ ముందు మెదులుతుంది. నిజానికి జపమాలలో మరియమాతను పలకరించే మాట పూజ కాదు, "మరియమ్మా వందనము". ఆదివారం ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర ప్రొటెస్టంట్ విశ్వాసి తన పాస్టరుగారికి చెప్పే మాట కూడా వందనాలే. చనిపోయినవారిని ప్రార్థించమని అడగవచ్చా అన్నది నిజమైన వివాదం, అది అలాగే ఉంది, అయితే క్రీ.శ. 431లో ఎఫెసు మహాసభ మరియకు ఇచ్చిన "దేవుని తల్లి" అన్న బిరుదును లూథరన్ విశ్వాస పత్రాలు కూడా ఒప్పుకున్నాయన్న సంగతి గుంటూరు లూథరన్లలోనే చాలామందికి తెలియదు.

విగ్రహాల గురించిన ఆజ్ఞను కాథలిక్కులు పది ఆజ్ఞల నుంచి తీసేశారన్న మాట కూడా వినిపిస్తుంది. వారు దాన్ని మొదటి ఆజ్ఞలో భాగంగా లెక్కిస్తారు, చివర ఆశ గురించిన ఆజ్ఞను రెండుగా విడదీస్తారు, మొత్తం పదే. వింత ఏమిటంటే లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి కూడా అదే లెక్క అనుసరిస్తుంది. తల్లిదండ్రులను సన్మానించమన్నది ఎన్నో ఆజ్ఞ అని అడిగితే, ఆర్‌సీఎం పిల్లవాడూ, ఆ ప్రశ్నోత్తరి చదివిన లూథరన్ పిల్లవాడూ నాలుగోదంటారు. సీఎస్‌ఐ, బాప్టిస్టు పిల్లలు అయిదోదంటారు. బైబిలు పుస్తకాల లెక్కలో మాత్రం గీత కాథలిక్కులకూ మిగతావారికీ మధ్యనే పడుతుంది: కాథలిక్కులకు 73, ప్రొటెస్టంట్లకు 66. తేడా వచ్చిన ఏడు పుస్తకాలూ పాత నిబంధనలోనివే. క్రీస్తు గురించి చెప్పే కొత్త నిబంధన 27 పుస్తకాలూ ఇద్దరికీ ఒకటే.

ఇంత చెప్పి, తేడాలు ఏమీ లేవనడం అబద్ధమవుతుంది. లూథరన్ అమ్మాయి జ్ఞానస్నానాన్ని ఒప్పుకున్న ఫాదరే, మామూలుగానైతే, పెళ్ళి పూజలో ఆమెకు సత్ప్రసాదం ఇవ్వడు. 1964 నవంబరు 21న వెలువడిన రెండవ వాటికన్ మహాసభ పత్రం, ఇతర సంఘాల్లో బాప్తిస్మం పొందినవారికి క్రైస్తవులనిపించుకునే హక్కు ఉందని, వారు సోదరులని స్పష్టంగా రాసింది. 2000లో రోము విడుదల చేసిన మరో పత్రం మాత్రం, బిషప్పుల పరంపర తెగిపోయిన సంఘాలు పూర్తి అర్థంలో "సంఘాలు" కావంది. మనిషి క్రైస్తవుడే, అతని సంఘం మాత్రం సంఘం కాదన్న ఈ మాట ప్రొటెస్టంట్లకు ఎందుకు గుచ్చుకుంటుందో వివరించనక్కరలేదు. పోపు అధికారం, ఉత్తరించు స్థలం (మరణం తర్వాత ఆత్మ శుద్ధి పొందే చోటు), గురుత్వం గురించిన వాదాలూ తెగలేదు. అయితే అన్నిటికీ మూలమైన వాదం, అంటే మనిషి నీతిమంతుడిగా తీర్చబడేది కృప వల్లనా క్రియల వల్లనా అన్నది, 1999 అక్టోబరు 31న ఔగ్స్‌బర్గ్‌లో కాథలిక్ సంఘమూ ప్రపంచ లూథరన్ సమాఖ్యా చేసిన ఉమ్మడి ప్రకటనతో చాలావరకు సర్దుకుంది. గుంటూరు కేంద్రంగా ఉన్న లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్యురాలు.

చట్టం దృష్టిలో ఈ చర్చకు చోటే లేదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం క్రైస్తవ మతాన్ని అవలంబించేవారంతా క్రైస్తవులే. 1925 నాటి వారసత్వ చట్టం "క్రైస్తవ మతంలోని ఏ రూపాన్నైనా" అవలంబించేవారని ఇంకా విశాలంగా అంటుంది. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలకు ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చే బీసీ-సి ధ్రువపత్రమూ అంతే. ఆ వర్గం అందరికీ ఒక్కటే, ఆర్‌సీఎమ్మా లూథరనా అన్న తేడా దానికి లేదు.

నీళ్ళ పరీక్షకు అవతల పడేవారూ ఉన్నారు. అమెరికాలో పుట్టిన మోర్మన్ సంఘం వారు ఇచ్చే బాప్తిస్మం చెల్లదని రోము 2001 జూన్‌లో తేల్చింది; మాటలు అవే అయినా, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అంటే వారు అర్థం చేసుకునేది వేరన్నది కారణం. యెహోవాసాక్షుల బాప్తిస్మాన్నీ కాథలిక్ సంఘం అంగీకరించదు. ఈ రెండు సంగతుల్లోనూ ప్రధాన ప్రొటెస్టంట్ సంఘాల అభిప్రాయం రోము అభిప్రాయానికి దగ్గరగానే ఉంది. త్రిత్వం అనే కొలబద్దను ఇద్దరూ ఒకే చోట పెట్టారన్నమాట.

పరీక్ష నిజంగా తడబడేది సాల్వేషన్ ఆర్మీ అనే ప్రొటెస్టంట్ సేవాసంఘం దగ్గర. బాపట్ల ప్రాంతంలోనూ, 20వ శతాబ్దం తొలినాళ్ళలో నేరస్థ తెగలుగా ముద్రపడినవారి సెటిల్‌మెంటుగా వారు నడిపిన స్టువర్టుపురంలోనూ ఆ పేరు తెలియనివారు ఉండరు. త్రిత్వాన్ని నమ్ముతారు, క్రీస్తును రక్షకుడంటారు, వారిని క్రైస్తవులు కారని అనే సంఘం దాదాపు లేదు. అయితే 1883 నుంచి వారు నీటి బాప్తిస్మాన్నే మానేశారు. కాబట్టి గుంటూరులో ఆర్‌సీఎం అబ్బాయి పక్కింటి లూథరన్ అమ్మాయిని చేసుకుంటే అనుమతి చాలు గానీ, తరతరాలుగా సాల్వేషన్ ఆర్మీలో పెరిగి, ఎక్కడా బాప్తిస్మం పొందని అమ్మాయిని చేసుకోవాలంటే, హిందూ అమ్మాయికి అడిగినట్టే మేత్రాసనం నుంచి మినహాయింపు అడగవలసి వస్తుంది.